ఆగి ఉన్న లారీ ఎందుకు ఆగిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉంటాను. చాలా ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు రెండు ట్రైలర్లు తిప్పుకుంటున్నాను. ఒకటి ఇనుముకీ రాయికీ వెళ్లే ఫ్లాట్ బెడ్, రెండోది పొక్లెయిన్లు ఎక్కించే లోబెడ్.

'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు' అనే హెడ్డింగ్ మీ పత్రికలోనే కాదు, అన్ని పత్రికల్లోనూ తరచూ చూస్తుంటాం. 16వ నంబరు హైవే మీదో, హైదరాబాద్ వెళ్లే 65 మీదో, తెల్లవారుజామున. కారులో ఎంతమంది ఉన్నారో, ఏ పెళ్లికి వెళ్లి వస్తున్నారో, ఎవరికి కునుకు పట్టిందో అన్నీ వార్తలో ఉంటాయి. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగిందన్నది మాత్రం ఉండదు. చదివినవాళ్లు లారీవాడు రోడ్డు మీద బండి పెట్టి పడుకున్నాడనుకుంటారు. అలాంటివాళ్లు లేరని నేను అనను. కానీ చాలాసార్లు ఆ బండిని ఎవరూ ఆపి ఉండరు, అదే ఆగిపోయి ఉంటుంది. టైరు పేలి ఉంటుంది, హబ్ (చక్రం నడిమి భాగం) పట్టేసి ఉంటుంది, గాలి పైపు తెగి బ్రేకులు బిగుసుకుపోయి ఉంటాయి. ఇందులో ముప్పాతిక భాగం బయలుదేరే ముందు పగటి వెలుతురులో బండి చుట్టూ ఒక పూట తిరిగితే కంటికి కనబడేవే. ఆ పూట మా డ్రైవర్లకి దొరకడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ట్రైలర్ లారీ అంటే రెండు బండ్లు. ముందు ఇంజన్ ఉన్నదాన్ని మేం హార్స్ అంటాం, అది వెనక లాక్కెళ్లేది ట్రైలర్. సర్వీసింగ్, కంపెనీ వారంటీ, ఇంజన్ ఆయిల్, డ్రైవరు వేయించుకునే రంగులు, పూసల దండలు అన్నీ హార్స్‌కే. దసరాకి మా ఆటోనగర్‌లో ఆయుధపూజ ఎంత ఘనంగా చేస్తారో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు కూడా నిమ్మకాయలు ముందు టైర్ల కిందే పెడతారు, ట్రైలర్ వైపు వెళ్లి ఒక్క కొబ్బరికాయ కొట్టినవాణ్ణి నేను చూడలేదు. పైగా కంటెయినర్ల పనిలో ఇవాళ ఒక హార్స్, రేపు ఇంకో హార్స్ అదే ట్రైలర్‌ని లాగుతుంటాయి. హార్స్ ఓనరు ఒకరు, ట్రైలర్ ఓనరు మరొకరు. గ్రీజు ఎవరు పెట్టాలంటే ఇద్దరూ మొహాలు చూసుకుంటారు. దారిలో బండిని ఆపేది మాత్రం ఎక్కువగా ఆ వెనకదే.

తగిలించే దగ్గర నుంచి మొదలుపెడతాను. హార్స్‌ని వెనక్కి తోసినప్పుడు 'టక్' మని చప్పుడొస్తే చాలనుకునే కుర్రాళ్లు ఉన్నారు. ఇనుముకి ఇనుము తగిలినా అదే చప్పుడు వస్తుంది. దిగి, టార్చి పట్టుకుని, కిందకి వంగి చూడాలి. కింగ్‌పిన్ (ట్రైలర్ అడుగున ఉండే లావుపాటి పిన్ను) చుట్టూ హార్స్ ప్లేటులోని దవడ పూర్తిగా మూసుకుందా? ప్లేటుకీ ట్రైలర్ అడుగుకీ మధ్య వెలుతురు కనబడుతోందా? వెలుతురు కనబడితే ట్రైలర్ ఎత్తుగా కూర్చుందన్నమాట, పిన్ను సరిగ్గా దిగలేదు. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి, మొదటి గేరులో ఒకసారి ముందుకు మెల్లగా లాగి చూడాలి. ఊడి రాకపోతే అప్పుడు ల్యాండింగ్ కాళ్లు (విడిగా ఉన్నప్పుడు ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టేవి) ఎత్తాలి. కాళ్లు ముందే ఎత్తేసి తర్వాత లాగి చూసేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. మామూలు కింగ్‌పిన్ మందం 2 అంగుళాలు, భారీ రకానిది మూడున్నర. సరుకుతో సహా వెనక బండి మొత్తం దాన్ని పట్టుకునే వస్తుంది.

గాలి పైపులు రెండుంటాయి. ఎర్ర పైపులో ఎప్పుడూ గాలి నిండి ఉండాలి. పసుపుది పెడల్ తొక్కినప్పుడు పని చేస్తుంది. ఎర్ర పైపు తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. కావాలనే అలా తయారు చేశారు, ట్రైలర్ ఊడిపోయినా పరుగెత్తకుండా ఆగాలని. కాకపోతే పైపు పాతదై, ఫుట్‌బోర్డుకి రాసుకుని రాసుకుని అరిగి, చిలకలూరిపేట దగ్గర అర్ధరాత్రి తెగితే ఆ బండి అక్కడే, ఆ లేనులోనే నిలబడిపోతుంది. పక్కకి తీయడానికి కూడా కదలదు. ఆ పైపు ఖరీదు ఒక టైరు ఖరీదులో ఎన్నో వంతో ఆటోనగర్‌లో ఏ షాపువాణ్ణి అడిగినా చెబుతాడు. ట్యాంకులు నిండాక ఇంజన్ ఆపి, క్లీనర్ని పెడల్ తొక్కి పట్టుకోమని, గేజి ముల్లు జారుతోందేమో చూడాలి. మా వీధిలో రేకు కొట్టే మోతలో గాలి బుసలు వినబడవు కాబట్టి జాయింట్ల మీద సబ్బు నురగ వేస్తాం. ట్యాంకు అడుగున చేరిన నీళ్లు రోజూ వదలాలి. ఇవన్నీ పెద్ద విద్యలేమీ కాదు.

బ్రేకు పట్టేస్తోందని ట్రైలర్ బ్రేకులు పని చేయకుండా చేసి, ఒక్క హార్స్ బ్రేకుల మీదే బండి నడిపేవాళ్లు కూడా ఉన్నారు. మైలవరం, తిరువూరు, భద్రాచలం మీదుగా వెళ్లే 30వ నంబరు హైవే మీద, జగదల్‌పూర్, కొండగావ్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. రాయ్‌పూర్ వెళ్లేటప్పుడు అది దిగుడు, మెలికల మీద మెలికలు. వెనక బ్రేకు లేని ట్రైలర్ అక్కడ హార్స్‌ని నెడుతుంది. డ్రైవరు ముందు బ్రేకు తొక్కిన కొద్దీ బండి నడుము దగ్గర మడత పడుతుంది. ట్రైలర్ బ్రేకు ముందు బండి కంటే ఒక పిసరు ముందుగా పట్టాలని పెద్ద మేస్త్రీలు చెప్పేది అందుకే. ఆ దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగినా ముప్పే. డ్రమ్ములు కాలి పట్టు తప్పుతాయి, కాబట్టి పైనుంచే చిన్న గేరులో దిగాలి. ఇంకో మాట. 2025లో, కొత్తగా తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మా ఎండలకి అది మంచిపనే, నేను వ్యతిరేకిని కాదు. అయితే అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే వెనక బ్రేకు లైనర్ కాలుతున్న వాసన డ్రైవరుకి రాదు, లోపలి టైరు పేలినా ఒక్కోసారి వినబడదు. కాబట్టి ఏసీ బండి డ్రైవరు పాత బండి డ్రైవరు కంటే ఎక్కువసార్లు దిగి చూసుకోవాలి.

ఇక టైర్ల సంగతి. కొంచెం పెద్దగా రాస్తాను, మన్నించాలి. పది టైర్ల హార్స్, మూడు యాక్సిళ్ల ట్రైలర్ కలిపితే రోడ్డు మీద 22 టైర్లు. బయటివాటికి అందరూ గాలి చూస్తారు. జంట టైర్లలో లోపలిదానికి చూడాలంటే చెయ్యి దూర్చాలి, మసి అంటుతుంది, వాల్వు అందదు. అందుకని వదిలేస్తారు. లోపలిదానిలో గాలి తగ్గితే దాని బరువు కూడా పక్కది మోస్తుంది. రెండూ వేడెక్కుతాయి. ముందు ఏది పేలినా రెండోది కూడా ఎక్కువసేపు ఉండదు. ఎండాకాలం టైరు పేలిందంటే గాలి ఎక్కువై పేలిందని జనం అనుకుంటారు, డ్రైవర్లలోనూ సగంమంది అదే అనుకుంటారు. రెంటచింతల ఎండలో ఆగి, టైరు ముట్టుకుని, అమ్మో కాలుతోంది అని గాలి కొంచెం వదిలి బయలుదేరతారు. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నడిచే టైరులో వేడికి గాలి ఒత్తిడి కొంత పెరగడం మామూలే, టైరు దాన్ని తట్టుకునేలాగే ఉంటుంది. గాలి తక్కువైన టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తుంటాయి, ఆ వంగడంలో పుట్టే వేడే దాన్ని చంపుతుంది. వేడి మీద గాలి వదిలితే చల్లారాక అది ఇంకా తక్కువ గాలి టైరు అవుతుంది. గాలి చూడాల్సింది తెల్లారి, బండి కదలకముందు, గేజి పెట్టి. రాడ్డుతో కొట్టి చప్పుడు వినడం నేనూ చేస్తాను, కానీ దానితో పూర్తిగా చచ్చిన టైరు దొరుకుతుంది తప్ప సగం చచ్చినది దొరకదు.

జతలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది వేయకూడదు. కొత్తది ఎత్తుగా ఉంటుంది కాబట్టి బరువంతా దాని మీదకే పోతుంది. రీబటన్ టైర్లు (అరిగాక పైన కొత్త రబ్బరు వేసినవి) ట్రైలర్‌కి వేస్తాం, ముందు యాక్సిల్‌కి ససేమిరా వేయం. జంట మధ్య ఇరుక్కున్న కంకర రాయిని తీసేయాలి. అది ఎగిరి వెనక కారు అద్దానికి తగిలితే, తప్పు కారుదని ఎవరూ అనరు.

వీల్ నట్లు బిగించి ఉన్నాయో లేదో పానా పెట్టకముందే తెలుస్తుంది. నట్టు చుట్టూ తుప్పు చారలు కిందకి కారి ఉంటే ఆ నట్టు ఆడుతోంది. చక్రం విప్పి వేసిన బండికైతే కొంత దూరం నడిచాక మళ్లీ బిగించాలి, షెడ్డులో బిగించామని ఊరుకోకూడదు. కమాన్ కట్టల్లో (బరువు మోసే స్ప్రింగు పట్టీల్లో) విరిగిన ఆకు, వదులైన యూ బోల్టు కూడా పగలు చూస్తే కనబడతాయి. నా బండ్లకి ఒక నియమం ఉంది. ఆటోనగర్ నుంచి హైదరాబాద్ వైపు అయితే నందిగామ దగ్గర, విశాఖ వైపు అయితే హనుమాన్ జంక్షన్ దాటాక తప్పకుండా ఆగాలి. రోడ్డు దిగి, సర్వీసు రోడ్డులోనో పెట్రోలు బంకులోనో. ఆగి ప్రతి హబ్ దగ్గరా చెయ్యి వెనక్కి తిప్పి, తగిలీ తగలకుండా పెట్టి చూడాలి. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే మంచిదే. ఒక్కటి మాత్రం చెయ్యి పెట్టనీయడం లేదంటే లోపల బేరింగ్ ఎండిపోయిందో, బ్రేకు వదలడం లేదో అయి ఉంటుంది. నందిగామలో అయితే మా మేస్త్రీ మోటార్ సైకిల్ మీద వచ్చేస్తాడు. సూర్యాపేట దాటాక ఎవరొస్తారు?

బరువు గురించి అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ, కాటా వేయించేది బిల్లు కోసమే. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. నాలుగు టైర్ల ఒంటి యాక్సిల్‌కి 10.2 టన్నుల నుంచి 11.5కి, జంట యాక్సిల్‌కి 19 నుంచి 21కి, మూడు యాక్సిళ్ల గుంపుకి 24 నుంచి 27కి, బండీ సరుకూ కలిపి గరిష్ఠంగా 55 టన్నులు. మించితే 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ మరో 2,000. మొత్తం 55 లోపే ఉన్నా బరువు ఎక్కడ కూర్చుందన్నది వేరే లెక్క. చీమకుర్తి నల్లరాయి ఘనమీటరు దాదాపు 3 టన్నులు తూగుతుంది, చూడటానికి చిన్న బ్లాకే. దాన్ని ఒక మూర ముందుకి పెడితే హార్స్ వెనక యాక్సిళ్లు నలుగుతాయి. మరీ వెనక్కి పెడితే కింగ్‌పిన్ మీద బరువు తగ్గి, హార్స్ టైర్లకి రోడ్డు మీద పట్టు పోతుంది, వానలో అది స్పష్టంగా తెలుస్తుంది. క్రేను ఆపరేటరు తొందరలో దింపిన చోటే రాయి ఉండిపోతుంది. జరపమంటే మళ్లీ క్రేను చార్జీ అంటారు.

గుంటూరు మిర్చి యార్డు నుంచి పోయే లోడు దీనికి పూర్తిగా వేరే రకం. తేలిక, కానీ ఎత్తు. గాలికి ఊగుతుంది, మోకులు సాగుతాయి.

పొక్లెయిన్ అయితే బకెట్ దించి బెడ్ మీద ఆనించాలి, నాలుగు మూలలా గొలుసులు వేసి టైట్నర్లతో లాగాలి, ట్రాకుల మట్టి కడిగాకే ఎక్కించాలి. మట్టి ట్రాకు ఇనుప బెడ్ మీద జారుతుంది. ఎత్తు టేపుతో కొలవాల్సింది ఎక్కించాక, బూమ్ దించాక. ఆ అంకె సుద్దముక్కతో క్యాబిన్ లోపల రాయాలి, ఎందుకంటే రాత్రి కరెంటు తీగ కింద ఆగినప్పుడు ఎవరికీ గుర్తుండదు. మొదటి ఆగుడులో గొలుసులు మళ్లీ బిగించాలి. తప్పకుండా వదులవుతాయి.

లైట్ల సంగతి కారులో వెళ్లేవాళ్లకి నేరుగా సంబంధించింది. హార్స్ నుంచి ట్రైలర్‌కి కరెంటు ఒకే ప్లగ్గులో వెళుతుంది. అందులో ఒక పిన్ను తుప్పు పడితే వెనక మొత్తం చీకటి, డ్రైవరుకి అద్దంలో కనబడదు. రేడియం టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు ఉండాలి. ఉంటుంది కూడా, కాకపోతే వానాకాలం బురద కింద ఉంటుంది. తడి గుడ్డతో తుడవడానికి పది నిమిషాలు. బండి ఆగిపోతే చెట్టు కొమ్మ, నాలుగు రాళ్లు వెనక పెట్టడం మా వాళ్ల పాత అలవాటు. టైరు మార్చాక కొమ్మ తీయరు, రాళ్లు అసలే తీయరు. ఆ తర్వాత మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు వాటి మీద పడతాడు. మడత పెట్టే ఎర్ర త్రికోణాలు రెండు, మెరిసే జాకెట్ ఒకటి, 1033 నంబరు క్యాబిన్‌లో అందరికీ కనబడేలా రాసి ఉండాలి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది.

ఇంత చెబితే మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల వాళ్లు అనేది ఒక్కటే. టైం ఎక్కడుందండీ, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే కాగితం) గడువు అయిపోదా? అయిపోదు. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన గడువు ఇస్తారు. నాలుగు లేన్ల రోడ్డు మీద ట్రైలర్ అంత దూరం ఒక పూటలో పోతుంది. సైజు మించిన సరుకుకైతే 20 కిలోమీటర్లకే ఒక రోజు. గడువు చాలకపోతే అయిపోవడానికి 8 గంటల ముందు నుంచి, అయిపోయాక 8 గంటల వరకూ పొడిగించుకోవచ్చు. తొందర పెట్టేది ప్రభుత్వం కాదు, ఫోనులో గంటకోసారి 'బండి కదిలిందా అండీ' అని అడిగే గొంతు. మధ్యాహ్నం రెండింటికి లోడింగ్ అని పిలుస్తారు, రాత్రి తొమ్మిదింటికి లోడు పూర్తవుతుంది, తెల్లారేసరికి అంత దూరంలో ఉండాలంటారు. పగలంతా గేటు బయట ఎండలో నిలబడ్డ డ్రైవరు చీకట్లో, తాడు బిగించి, టార్చి కూడా వేయకుండా ఎక్కుతాడు. లోడింగ్ చేసే చోట బండి కిందకి దూరి చూస్తే సెక్యూరిటీవాడు బండి తియ్యి తియ్యి అని విజిల్ వేస్తాడు.

1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా, రోజుకి 8 గంటల పని అనేది. స్టీరింగ్ పట్టుకున్న సేపే కాదు, బండి బాగోగులు చూసుకోవడం, లోడింగ్, అన్‌లోడింగ్ లాంటి అనుబంధ పనులు కూడా అందులో లెక్కలోకి వచ్చేవి. అంటే బండి చూసుకునే పూట డ్రైవరు తన ఇష్టంతో చేసే సేవ కాదు, డబ్బులివ్వాల్సిన పని. ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది, నాలాంటి రెండు బండ్లవాడికి కాదు. పెద్ద సంస్థలు ఆ లెక్కే పాటిస్తే మేం కూడా ఆ దారికే రావాల్సి వస్తుంది, ఎందుకంటే డ్రైవర్లు మా దగ్గర ఉండరు. ఇప్పుడు చాలాచోట్ల బత్తా బండి కదిలిన రోజు నుంచే ఇస్తున్నారు. అలా ఇచ్చినంత కాలం ఏ డ్రైవరూ ఆగి లోపలి టైరుకి గాలి చూడడు. అది వాడి తప్పని నేను అనలేను.

రవాణా శాఖ వారికి ఒక విన్నపం. చెక్‌ చేసేటప్పుడు కాగితాలు చూడండి, కాదనను. కానీ హార్స్ కాగితాలు చూసి పంపేయకుండా ట్రైలర్ వెనక్కి రండి, లైట్లు వేయించండి, ఒక్కసారి వంగి స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు బిగువు సరిచేసే భాగం) చూడండి. హైవే అధికారులకి ఇంకొకటి. కార్లు ఆగే చోట్లు ఎన్ని కట్టినా, ట్రైలర్ పూర్తిగా రోడ్డు దిగి నిలబడే లే-బైలు, లైట్లున్నవి, టోల్‌గేట్లకి దగ్గర్లో కావాలి. కాజ, కీసర టోల్‌గేట్ల దగ్గర రాత్రిపూట నిలబడి చూస్తే ఎందుకు అడుగుతున్నానో తెలుస్తుంది. విలేకరులకి నా మనవి ముందే చెప్పాను. ఆ లారీ ఎందుకు ఆగిందో పోలీసుల్నో, ఆ డ్రైవర్నో అడిగి ఒక్క వాక్యం కలిపితే నాలుగు నెలల్లో మా వ్యాపారంలోనే కదలిక వస్తుంది. ఓనర్లకి పేపరంటే భయం.

నా వరకు నేను ఈ సంవత్సరం నుంచి బిల్టీ (సరుకు రవాణా రసీదు) మీద ఒక లైను రాయిస్తున్నాను. 'లోడింగ్ పూర్తయిన 4 గంటల తర్వాత, పగటి వెలుతురులో బండి బయలుదేరును' అని. ఆ 4 గంటలకీ డ్రైవరుకి, క్లీనరుకి బత్తా కలిపే కిరాయి చెబుతాను. గుంటూరులో ఒక పార్టీ ఇది చూసి నవ్వి వేరే బండి పెట్టుకున్నారు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక మెషినరీ పార్టీ మాత్రం ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టి, తమ యార్డులోనే బండి చూసుకోమని కాంక్రీటు జాగా చూపించారు. అలాంటి లైను తమ బిల్టీల మీద వేయించుకోవాలని మా లారీ ఓనర్ల సంఘాల్ని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గంటలు ఎన్నన్నది కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక ట్రైలర్ యజమాని,
ఆటోనగర్, విజయవాడ.